గాజు పలక మీద ముఖం

పద్దెనిమిదేళ్లు నేను హీరోల జుట్టు మీద బతికాను. సెలూన్ అనుకునేరు, కాదు. ఫిల్మ్‌నగర్‌లో సినిమా పోస్టర్లు తయారుచేసే ఆఫీసు మాది. షూటింగులో తీసిన ఫొటోలోంచి హీరోను మాత్రం విడదీసి, వెనకున్న గోడలూ లైటు స్టాండ్లూ తీసేసి, ఇంకో ఆకాశం ముందు నిలబెట్టాలి. భుజాలూ చేతులూ సులువే. జుట్టు దగ్గరికొచ్చేసరికి ప్రాణం పోతుంది. గాలికి లేచిన ఒక్కో వెంట్రుకనూ మౌస్‌తో పట్టుకుని విడిపించాలి. ఆ పనిలో నన్ను మించినవాళ్లు లేరని మా ఓనర్ నలుగురి ముందూ చెప్పేవాడు. పోయినేడాది ఆ పనిని కంప్యూటరే ఒక్క నొక్కుతో చేసిపెట్టడం మొదలుపెట్టింది. మొదటిసారి చూసినప్పుడు అది చేసిన బొమ్మను పెద్దది చేసి తప్పులు వెతికాను. గంటసేపు వెతికాను, దొరకలేదు. ఆ రోజు టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా ఇంటికి తెచ్చేశాను.

ఓనర్ మంచివాడే. నన్ను తీసేయకుండా ఉండడానికి ఆయనకూ ఏదో ఒక సాకు కావాలి. "ఇప్పుడు డైరెక్టర్లందరూ చేత్తో చేసినట్టుండే బొమ్మలు అడుగుతున్నారమ్మా. ఎక్స్‌పెరిమెంటల్ అంటున్నారు. జూబ్లీహిల్స్‌లో ఒకమ్మాయి నేర్పుతోందట. ఫీజు ఆఫీసు కడుతుంది, వెళ్లి నేర్చుకో" అన్నాడు. నలభై రెండేళ్లొచ్చాక మళ్లీ బడికి పంపుతున్నందుకు సంతోషించాలో ఏడవాలో తెలియక తలూపాను.

క్లాసు శనివారం ఉదయం, ఓ పెద్ద బంగళా కింద కార్లు పెట్టుకునే షెడ్డులో. కార్లు బయట పెట్టి బల్లలు వేశారు గానీ నేల మీద ఆయిల్ మరకలు అలాగే ఉన్నాయి. నేర్పే అమ్మాయిది విజయవాడ. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నేను మేడమ్ అంటే తను నన్ను అక్కా అనేది. మిగతావాళ్లంతా కాలేజీ పిల్లలు, ప్యాంటు మీద ఇంకు ఒలికితే సంబరపడే రకం. నేను చున్నీ నడుముకు బిగించుకుని, ఎక్కడా చుక్క పడకుండా చూసుకుంటూ కూర్చునేదాన్ని.

మొదటి రోజు గాజు పలక మీద నల్ల ఇంకును రోలరుతో పరిచి, దాని మీద దారాలూ ఆకులూ పడేసి, పైన కాగితం వేసి నొక్కమంది. అందరివీ గాలివాన తర్వాతి వాకిలిలా వచ్చాయి. నాది మాత్రం చుట్టూ సమానంగా ఖాళీ వదిలి, ఆకు సరిగ్గా మధ్యలో, శుభలేఖ వేసినట్టు వచ్చింది.

"చాలా నీట్‌గా ఉందక్కా" అంది ఆ అమ్మాయి. ఉప్పు తక్కువైన కూరను బాగుందనే గొంతుతో అంది. తర్వాత నా పక్కన కూర్చుని, "మీరు తప్పు చేయడం నేర్చుకోవాలండీ. చెయ్యి జారనివ్వండి. మీరు అనుకోనిదేదో కాగితం మీద జరగాలి" అని చెప్పింది.

నాకు ఒళ్లు మండింది. తప్పు జరగకుండా చూసినందుకే ఇన్నేళ్లు నాకు జీతమిచ్చారు. ఇప్పుడు తప్పు చేయడానికి ఫీజు కట్టి మరీ పంపించారు. ఇంకో కాగితం తీసుకుని మళ్లీ నీట్‌గానే వేశాను.

అయినా వారం వారం వెళ్లాను. వెళ్లకపోతే ఉద్యోగం ఉండదని తెలుసు. పసుపును స్పిరిట్‌లో కలిపి కాగితానికి పూసి, మీద ఏదైనా వస్తువు పెట్టి ఎండలో ఉంచితే, ఎండ తగిలినచోట రంగు వెలిసి, వస్తువు కిందిచోటు పచ్చగా మిగులుతుంది. జిరాక్స్ కాగితాన్ని బోర్లించి వెనక థిన్నర్ రుద్దితే ఆ నల్లపొడి కింది కాగితానికి అక్కడక్కడా అంటుకుని, బొమ్మ సగం చెరిగినట్టు వస్తుంది. స్కానర్ లోపల లైటు జరుగుతుండగా పైనున్న వస్తువును కదిపితే, అది సాగిపోయి ఏ కెమెరాకూ దొరకని ఆకారం తయారవుతుంది. ఇవన్నీ నేర్చుకున్నాను. చెయ్యి నేర్చుకుంది, మనసు మాత్రం ముడుచుకునే ఉంది. ఇంత అందమైన తప్పులు ఎవరి కోసం చేస్తున్నానో నాకు అర్థం కాలేదు.

అర్థమైంది మా నాయిన వల్ల. ఆయన గురించి చెప్పాలి.

మా నాయిన జూనియర్ ఆర్టిస్టు. జూనియర్ అంటే వయసులో చిన్నవాడని కాదు, గుంపులో నిలబడేవాడని. ముప్పై ఏళ్లకు పైగా పెళ్లిళ్లలో చుట్టంగా, ఊరేగింపుల్లో జెండా పట్టుకున్నవాడిగా, ఆసుపత్రి బెంచీ మీద రోగిగా నిలబడ్డాడు, కూర్చున్నాడు, పడుకున్నాడు. రహమత్ నగర్‌లో మా రెండు గదుల ఇంట్లో టీవీ ముందు కూర్చుని, "అగో, ఆ భుజం నాదే" అనేవాడు. "గా తెల్ల తలపాగ నేనే" అనేవాడు. ముఖం మాత్రం ఎప్పుడూ ఉండేది కాదు. చిన్నప్పుడు బడిలో ఆ సంగతి చెబితే ఎవరూ నమ్మలేదు. చూపించడానికి నా దగ్గర ఒక్క సినిమా కూడా లేదు. అప్పటినుంచీ నాకు సినిమావాళ్లంటే లోపల ఒక కోపం ఉండిపోయింది. ఇంత పెద్ద పరిశ్రమలో ఒక్క కెమెరామన్‌కైనా మా నాయిన వైపు లెన్సు తిప్పాలని అనిపించలేదా అని. ఎవరికీ చెప్పకపోయినా, నేను పోస్టర్ల పనిలో చేరడానికి అదీ ఒక కారణమే. చేరి ఏం చేశాను? మిగతావాళ్ల ముఖాలు అందంగా కత్తిరించాను.

అమ్మ పోయాక ఇంట్లో ఆయనా నేనే మిగిలాం. రెండేళ్లుగా ఆయన ఊపిరితిత్తులు బాగాలేవు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. షూటింగు పిలుపులూ ఆగిపోయాయి. అయినా ఏజెంటు నుంచి ఎప్పుడైనా ఫోన్ వస్తుందని రోజూ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మంచం మీద ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. ఈసారి చలికాలం జాగ్రత్త అని డాక్టర్ అన్నప్పుడు ఆయన గొంతులోని మెత్తదనం నన్ను భయపెట్టింది. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీదే అనుకున్నాను, ఈయన ఉండగా ఒక్కసారైనా ఈయన ముఖం పోస్టర్ మీద పడాలి, అది ఈయన కళ్లతో చూసుకోవాలి అని. ఆ తర్వాత నేను చేసిందంతా దానికోసమే.

అదే నెలలో ఆఫీసుకు ఒక పెద్ద సినిమా వచ్చింది. జనంలోంచి పుట్టిన నాయకుడి కథ. హీరో ముఖం చూపించే ఫస్ట్ లుక్‌కు ముందు, హీరో లేకుండా ఊరించే ప్రీ-లుక్ పోస్టర్ ఒకటి వదలడం మా దగ్గర ఆనవాయితీ. సాధారణంగా ఓ చెయ్యో, చెప్పులో, వెనక నుంచి వీపో వేస్తారు. ఈ డైరెక్టర్‌కు మాత్రం ఒక మామూలు మనిషి ముఖం కావాలట. "ఎవరో తెలియని ఫేస్. చేత్తో చేసినట్టు రఫ్‌గా ఉండాలి" అన్నాడు. నేను చేస్తానన్నాను. ఎవరి ముఖమో చెప్పలేదు.

ఆఫీసులో మూలకు పడేసిన పాత స్కానర్‌ను ఆటోలో ఇంటికి తెచ్చాను. ఆదివారం పొద్దున మంచం పక్కన స్టూలు మీద పెట్టి, మూత ఊడదీసి, నాయినను కూర్చోబెట్టి విషయం చెప్పాను. పోస్టర్ సంగతి చెప్పలేదు. నేర్చుకుంటున్న పనికి ఒక ముఖం కావాలన్నాను. అనుకున్నది జరగకపోతే ఆయన ఆశపడి బాధపడతాడని నా భయం.

"గీ అద్దం మీద ముఖం పెట్టాల్నా?" అన్నాడు ఆయన.

"పెట్టి కండ్లు మూసుకో నాయినా. కింద లైటు జరుగుతది. అది ఈ కొసకెళ్లి ఆ కొసకు పోయేదాంక కదలొద్దు."

తల మీద తువ్వాలు కప్పి మీట నొక్కాను. లైటు గడ్డం దగ్గర మొదలైంది. పెదాల దాకా వచ్చిందో లేదో, ఆయన తల మెల్లగా పక్కకు తిరిగింది. కంప్యూటర్‌లో చూస్తే గడ్డం నిలకడగా ఉంది, దాని పైన ముఖమంతా సాగిపోయి, చివరన ఒక చెవి తేలింది. మళ్లీ చేశాం. మళ్లీ అంతే. మూడోసారీ అంతే.

"ఎందుకు తిరుగుతున్నవ్ నాయినా?"

"నేను తిప్పుతలేను బిడ్డా. గా వెల్తురు మీదికి రాంగనే మెడ అదే తిరుగుతది."

నాయినకు ఆమధ్యే కంటి ఆపరేషన్ అయింది, మూసిన రెప్పల మీద కూడా వెలుగు గుచ్చుకుంటోందేమో అనుకున్నాను. అయినా ఆగలేదు. నాకు కోపం త్వరగా వస్తుంది, వచ్చాక ఎదురుగా ఉన్నది ఎవరో కనిపించదు. ఆయన దవడ రెండు వైపులా పట్టుకుని గాజు మీద అదిమి ఉంచి, మోచేత్తో మీట నొక్కాను. ఆయన ఊపిరి గాజు మీద పొగలా పేరుకుంది. లైటు ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లేదాకా వదల్లేదు. వదిలాక ఆయన చాలాసేపు దగ్గాడు. మంచినీళ్లిచ్చి వీపు రాస్తుంటే, నేనేం చేస్తున్నానో నాకే సిగ్గేసింది. కానీ ముఖం వచ్చింది. మూసిన కళ్లు, నలిగిన ముక్కు, నుదుటి గీతలు, అన్నీ స్పష్టంగా, తిన్నగా.

శనివారం రెండు రకాలూ అచ్చు తీసుకుని క్లాసుకెళ్లాను. ఎవరని అడిగితే తెలిసినాయన అన్నాను. ఆ అమ్మాయి తిన్నటి ముఖాన్ని చూసి పక్కన పెట్టింది. సాగిన ముఖాన్ని తీసుకుని వెలుతురులోకి వెళ్లి నిలబడింది.

"అక్కా, ఇది ఎలా చేశారు? ఇన్నాళ్లకు చెయ్యి జారింది చూడండి మీది! ఏంటండీ ఇది, ఈ మనిషి మన నుంచి పారిపోతున్నట్టున్నాడు."

జారింది నా చెయ్యి కాదు. ఆ మాట చెప్పాల్సింది, చెప్పలేదు. కాలేజీ పిల్లలంతా చుట్టూ మూగారు. ఒకమ్మాయి ఫొటో తీసుకోవచ్చా అని అడిగింది. పద్దెనిమిదేళ్లలో నేను చేసిన బొమ్మ ముందు ఎవరూ అలా గుమిగూడలేదు. నాకు బాగుంది. నిజం రాసుకోవాలంటే, చాలా బాగుంది.

డైరెక్టర్‌కూ రెండూ పంపాను. తిన్నటి ముఖాన్నే ఎంచుకుంటాడేమోనన్న ఆశ ఇంకా ఉంది. ఆయన సాగిన ముఖాన్నే ఎంచుకుని ఆఫీసుకొచ్చాడు. "సూపర్ అండీ. కానీ ఇంకా మనిషి కొంచెం ఎక్కువగా కనపడుతున్నాడు. చూసినవాళ్లు వీడెవడా అని వెతక్కూడదు. జనం కనపడాలి. ఇంకొంచెం చెరపండి" అన్నాడు.

చెరిపాను. జిరాక్స్ తీసి థిన్నర్ రుద్దితే చెంప సగం పోయింది. "ఇంకొంచెం" అన్నాడు. పసుపు కాగితం మీద ఎండలో అచ్చు తీస్తే నుదుటి గీతలు వెలిసిపోయాయి. "దగ్గరికొచ్చాం, ఇంకొంచెం" అన్నాడు. తడి కాగితం మీద ఇంకుతో నొక్కితే ముక్కు పోయింది. ప్రతిసారీ ఇక ఒప్పుకోను, ఇది మా నాయిన అని చెప్పేస్తానని అనుకుంటూ ఆఫీసు మెట్లు దిగేదాన్ని. చెబితే ఏమవుతుంది? అయ్యో అని, ఇంకెవరి ముఖమో పెట్టమంటాడు. అప్పుడు చెవి కూడా మిగలదు. అలా బేరమాడుకుంటూ పోయాను, నాతో నేనే. చివరికి కుడి చెవి ఒక్కటి ముట్టుకోకుండా కాపాడాను. మిగిలిందంతా నల్లటి గీతల దుమారం. డైరెక్టర్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. ఓనర్ స్వీట్ ప్యాకెట్ తెప్పించాడు. నా ఉద్యోగం నిలబడిందని ఆ స్వీట్ చూశాక తెలిసింది. నోట్లో పెట్టుకోలేకపోయాను.

ముహూర్తం చూసి ఓ శుక్రవారం పదకొండు గంటలకు పోస్టర్ వదిలారు. ఫోన్లలో అందరూ మెచ్చుకుంటుంటే నేను చూడలేదు. నాకు కావలసింది గోడ మీది పోస్టర్. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర హోర్డింగ్ ఎక్కించారని తెలిసి, మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి నాయినను ఆటోలో తీసుకెళ్లాను. ఎక్కడికని అడిగితే రా నాయినా, చూద్దువుగాని అన్నాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో ఫోన్ పెట్టుకుని వచ్చాడు.

రోడ్డుకు ఇవతల ఒక మూసేసిన షాపు మెట్ల మీద కూర్చోబెట్టాను. ఎదురుగా మూడంతస్తుల ఎత్తున ఆ బొమ్మ. మబ్బు పట్టిన రోజు. కింద కార్లు ఆగుతున్నాయి, కదులుతున్నాయి, ఎవరూ తల ఎత్తడం లేదు.

"మంచిగున్నది. ఏం సినిమా?" అన్నాడు.

"జనంల నుంచి వచ్చిన నాయకుని కత. ఆ బొమ్మ నేను చేసిన నాయినా." ఆయన పక్కకు జరిగి కూర్చున్నాను. "అందుల ఉన్నది నువ్వే."

ఆయన నా వైపు చూసి, మళ్లీ బొమ్మ వైపు చూశాడు. కళ్లు చిట్లించి, తల అటూ ఇటూ తిప్పి వెతికాడు. చాలాసేపు వెతికాడు. నేను చెవి చూపించాను. ఆయన తన కుడి చెవిని వేళ్లతో తడుముకున్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. "ముఖం పెడ్దామనుకున్న నాయినా. నీ ముఖమే పెడ్దామని మొదలువెట్టిన. వాళ్లు ఉంచనియ్యలే. నేను కూడా గట్టిగ చెప్పలే" అన్నాను. రోడ్డు పక్కన, పట్టపగలు, నలభై రెండేళ్ల దాన్ని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆయన కంగారుపడ్డాడు. తర్వాత నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"పిచ్చి బిడ్డా, ముఖం పడకపోవుడే మంచిది. నీకెరుక లేదా? ఒక సీన్ల ముఖం పడిందనుకో, ఆ సినిమాల మల్ల నిలవెట్టరు. పెండ్లిల కనవడ్డోడు జైలుల గూడ కనవడితే జనం గుర్తువడతరు గద. గందుకే కెమెర ఇటు మళ్లంగనే మేం ముఖం తిప్పుకునేటోళ్లం. తిప్పుకుంటె అదే సినిమాల పది దినాలు పని. తెల్వక ముఖం పెట్టిన కొత్తోళ్లు ఒక్క దినంల ఇంటికి పోయెటోళ్లు. ముప్పై ఏండ్లు గట్లనే ఎల్లదీసిన. మెడకు అలవాటైంది."

ఏ కెమెరామన్ మీద పెంచుకున్న కోపాన్ని ఇన్నేళ్లు మోశానో, ఆ కెమెరామన్ లేనే లేడు. ఆయన ముఖాన్ని ఎవరూ వదిలేయలేదు. నా బడి కోసం, మా కిరాయి కోసం, లైటు పడినప్పుడల్లా ఆయనే దాన్ని దాచుకున్నాడు. దవడ పట్టుకుని గాజుకేసి నేను అదిమింది ఆ మెడనే.

నాయిన హోర్డింగ్ వైపు ఇంకోసారి తృప్తిగా చూశాడు. "మంచిగ చేసినవ్ బిడ్డా. ఎవ్వలు గుర్తువట్టరు" అన్నాడు. తర్వాత ఏదో తట్టినట్టు నా వైపు తిరిగాడు. "గీ సినిమాల సభలు, ఊరేగింపులు మస్తు ఉంటయి గదా, జనం కత అంటున్నవ్. నేను వస్తనని చెప్పి జర అడుగు. కూసునే సీను ఉన్నా సరే."

ఆ సినిమాలో జనమంతా మా ఆఫీసు పై అంతస్తులో, గ్రాఫిక్స్ వాళ్ల కంప్యూటర్లలోనే తయారయ్యారు. ఒక్క మనిషిని కూడా పిలవలేదు. పోస్టర్ కోసం ఆ బొమ్మలు నా దగ్గరికే వచ్చాయి.

ఆయన జేబులోంచి ఫోన్ తీసి, చార్జింగ్ ఉందో లేదో చూసుకున్నాడు.

"అడుగుత నాయినా" అన్నాను.